డర్హమ్ ఊళ్ళో అన్నం పథ్యం

మనవాళ్ళు నలభై దాటినవారు నలుగురు ఒకచోట చేరితే, పిల్లల చదువులూ ఇళ్ళ ధరలూ అయ్యాక మాట తప్పకుండా రక్తపోటు మీదికి మళ్ళుతుంది. "అన్నం మానేశాం, చపాతీలకు మారాం" అని ఎవరో ఒకరు అంటారు. అన్నాన్ని దోషిగా నిలబెట్టేముందు, మనం ఉంటున్న ఈ అమెరికాలోనే అన్నాన్ని రక్తపోటుకు మందుగా పెట్టిన సంగతి ఒకటి తెలుసుకోవాలి.

హిట్లర్ ఏలుబడిలో ఉన్న జర్మనీని విడిచి, 1934లో వాల్టర్ కెంప్నర్ అనే వైద్యుడు ఉత్తర కరొలైనాలోని డర్హమ్‌కు వచ్చి డ్యూక్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అప్పట్లో తీవ్రమైన రక్తపోటుకు చెప్పుకోదగ్గ మందే లేదు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంతటివాడు 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై పోయాడు. ఆనాడు ఆయన రక్తపోటు 300/190. దేశాన్నేలేవారి గతే అదయితే తక్కినవారి సంగతి చెప్పేదేముంది?

మూత్రపిండాలకు పని తగ్గించాలన్న ఆలోచనతో కెంప్నర్ 1939లో తన పథ్యం మొదలుపెట్టాడు. తెల్లన్నం, పళ్ళు, పళ్ళరసం, పంచదార, పైన విటమిన్లు, ఇనుము. రోజుకు 250 నుంచి 350 గ్రాముల బియ్యం. పప్పు లేదు, పాలు లేవు, నూనె లేదు. ఉప్పు అసలే లేదు. రోజు మొత్తం మీద ఒంట్లోకి వెళ్ళే సోడియం 150 మిల్లీగ్రాములకు లోపే. ఒక టీ చెంచా ఉప్పులో 2,300 మిల్లీగ్రాములుంటుంది కనుక, ఆ చెంచాలో పదిహేనో వంతన్నమాట. మన ఇళ్ళలో జ్వరపథ్యం కూడా ఇంత చప్పగా ఉండదు!

1942లో ఒక రోగిని ఈ పథ్యం మీద ఉంచి రెండు వారాల్లో రమ్మన్నాడట. ఆయన జర్మన్ యాస అర్థంకాక ఆమె రెండు నెలలకు వచ్చిందట. చూస్తే 190/120 ఉన్న రక్తపోటు 124/84కు దిగింది. కంటి వెనుక రక్తపు మరకలు కూడా పోయాయి. 1944లో షికాగోలో కెంప్నర్ ఇటువంటి ఫలితాలు చెబితే వైద్యులు చాలామంది నమ్మలేదు. నమ్మిన రోగులు మాత్రం డర్హమ్‌కు బారులు తీరారు.

ఇంతకీ పనిచేసింది ఏమిటి? పేరు బియ్యానికి వచ్చింది. అయితే 1950 ప్రాంతంలో ఇతర వైద్యులు అదే పథ్యంలో ఉప్పు కలిపి పెడితే, రక్తపోటు మళ్ళీ లేచింది. అన్నంలో మహిమ ఉందనుకున్నది చాలావరకు విస్తట్లో లేని ఉప్పుదే. 1958లో వచ్చిన క్లోరోథయజైడ్ బిళ్ళ చేసే పని కూడా ఒంట్లోని ఉప్పును మూత్రంలో వెళ్ళగొట్టడమే. బిళ్ళ వేసుకుంటే సరిపోతుందంటే చప్పిడి అన్నం ఎవరు తింటారు? పథ్యం వెనకపడింది.

మనం కూడా అన్నమే తింటాం. కాని అందులో ఆవకాయ, పక్కన అప్పడం, పెరుగులోకి ఊరమిరపకాయ. ఎండాకాలం పెట్టింది ఏడాది నిలవుండటానికి మన అమ్మమ్మలు అంత ఉప్పు వేశారు. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో కూడా ఆ కొలతే నడుస్తోంది. దానికితోడు ఇక్కడి రొట్టె, చీజ్, డబ్బా సూపుల్లో కనపడని ఉప్పు. అన్నం మాని వీటికి మారినవారికి ఒరిగిందేమిటో మాకు తెలియదు. (మధుమేహం ఉన్నవారికి అన్నం సంగతి వేరు.)

1997లో, కెంప్నర్ కన్నుమూసిన ఏడాదే, డాష్ అనే పరిశీలన ఫలితాలు వెలువడ్డాయి. అది జరిగిన నాలుగు కేంద్రాల్లో డ్యూక్ ఒకటి. 459 మంది మీద చేశారు. ఉప్పు మార్చకుండానే కూరగాయలు, పళ్ళు, వెన్న తీసిన పాలపదార్థాలు పెంచితే, రక్తపోటు ఉన్నవారికి పై అంకె సుమారు 11 దిగింది. 2001లో ఉప్పు కూడా తగ్గించి చూస్తే ఇంకా దిగింది. ఆనపకాయ కూర, తోటకూర పప్పు, పలచని మజ్జిగ, ఒక అరటిపండు: ఉప్పు చేయి కట్టుకుంటే మన భోజనం దీనికి ఎంతో దూరంలో లేదు. మూత్రపిండాల జబ్బున్నవారు వైద్యుణ్ణి అడిగే మార్చుకోవాలి. బిళ్ళలు ఎవరూ సొంతంగా మానకూడదు.

ఈసారి ఉగాది విందులో ఊరగాయలు విస్తట్లో వడ్డించకుండా బల్ల చివర గిన్నెలో ఉంచుదామని మా ప్రతిపాదన. కావలసినవారు లేచి వెళ్ళి వేసుకుంటారు.