ఇంట్లో ఎవరైనా చనిపోతే: అంత్యక్రియల నుంచి డెత్ సర్టిఫికెట్ దాకా ఏయే కాగితాలు కావాలి, ఎక్కడ తీసుకోవాలి?

బేగంబజార్‌లో ఒక ఇంట్లో మరణం జరిగితే పాడె కట్టడానికి, కట్టెలు మాట్లాడటానికి, బంధువులకు ఫోన్లు చేయడానికి పది మంది ముందుకొస్తారు. గల్లీకో కులసంఘం, సంఘానికో పద్ధతి ఉన్న పాత బజారు ఇది. చాలా ఇళ్లలో పొద్దుగూకేలోపే అంత్యక్రియలు పూర్తవుతాయి. అయితే ఆ రోజే చేతికి తీసుకోవాల్సిన రెండు కాగితాల సంగతి ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండదు. ఒకటి, మరణానికి కారణమేమిటో డాక్టర్ రాసిచ్చే ధ్రువపత్రం. రెండోది శ్మశానవాటికలో ఇచ్చే రసీదు. బ్యాంకులో డబ్బు, బీమా, పింఛను, దుకాణం లైసెన్సు అన్నీ తర్వాత ఈ రెండింటి దగ్గరికే వచ్చి ఆగుతాయి.

అందుకే కాగితాల పని మొదటి గంటలోనే ఒకరికి అప్పగించడం మంచిది. తలకొరివి పెట్టేవారికి మాత్రం ఆ పని పెట్టకండి. దినాలు అయ్యేదాకా వారికి తీరిక ఉండదు. అల్లుడో, మేనల్లుడో, చదువుకున్న పక్కింటి అబ్బాయో అయితే నయం. చనిపోయినవారి ఆధార్, ఆసుపత్రి చీటీలు, చివరిసారి వాడిన మందుల ప్రిస్క్రిప్షన్ ఒక కవరులో పెట్టి వారి చేతికివ్వండి.

ఇంట్లో చనిపోతే మొదట ఎవరిని పిలవాలి?

ప్రాణం ఉందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా 108కే ఫోన్ చేయాలి. అందులో రెండో మాట లేదు. దీర్ఘకాలంగా మంచం పట్టినవారు, వయసు మీదపడినవారు నిద్రలోనే కన్నుమూశారని స్పష్టంగా తెలిస్తే మాత్రం అంతవరకు వైద్యం చేసిన డాక్టర్‌ను ఇంటికి పిలవడం మేలు. ఆయన పరీక్షించి మరణాన్ని ధ్రువీకరించి, ‘ఫారం 4ఏ’ మీద కారణం రాసిస్తారు. ఆసుపత్రిలో చనిపోయినవారికి ఇచ్చేది ‘ఫారం 4’. దీన్ని ఉచితంగా ఇవ్వాలని జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మన దగ్గర ఆర్ఎంపీలుగా పిలిచే, వైద్య పట్టా లేని ప్రాక్టీషనర్లు రాసిన చీటీ దీనికి పనికిరాదు. మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన డాక్టరే సంతకం చేయాలి. రెండోది, ఇంట్లోనే చనిపోయినవారిని కంగారులో క్యాజువాలిటీకి తీసుకెళ్తే ‘చనిపోయాక తెచ్చారు’ అని రాసుకుంటారు. కారణం తెలియదు కాబట్టి డాక్టర్లు పోలీసులకు సమాచారం ఇవ్వొచ్చు, పోస్టుమార్టం అడగొచ్చు. అది వారి బాధ్యత. బేగంబజార్‌కు ఉస్మానియా ఆసుపత్రి నడిచిపోయేంత దూరంలోనే ఉండటంతో ఇక్కడివారు ఆలోచించకుండా అటే పరుగెడతారు.

కళ్లు దానం చేయాలన్న కోరిక చనిపోయినవారికి ఉండి ఉంటే ఆ మాట ఈ సమయంలోనే గుర్తుచేసుకోవాలి. సాధారణంగా ఆరు గంటల్లోపు కార్నియా తీసుకోవాలి. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఐ బ్యాంక్ ఉంది. వాళ్లు వచ్చేలోపు రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టాలి. ముఖం చూడ్డానికి వచ్చేవారికి తేడా కనిపించదు.

పోలీసులకు ఎప్పుడు చెప్పాలి?

ప్రమాదం, ఆత్మహత్య, కాలిన గాయాలు, విషం, కరెంటు షాకు, ఏ రకమైన అనుమానం ఉన్నా అంత్యక్రియలకు ముందే పోలీసులకు చెప్పాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద వారు శవపంచనామా చేస్తారు. పెళ్లయిన ఏడేళ్లలోపు మహిళ చనిపోతే నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి. పోస్టుమార్టం తప్పనిసరి. మెజిస్ట్రేట్ అధికారాలున్న తహసీల్దార్ సాధారణంగా పంచనామాకు వస్తారు.

‘పరువు పోతుంది, గుట్టుగా కానిచ్చేద్దాం’ అని పెద్దమనుషులు సలహా ఇస్తే వినకండి. చితి కాలిపోయాక సాక్ష్యం ఉండదు. ప్రమాద బీమాకు ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదికలే ఆధారం. అవి లేకపోతే ఆ డబ్బు రావడం చాలా కష్టం.

చీకటి పడితే పోస్టుమార్టం చేయరనే మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా చేయొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబరులో అనుమతించింది. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన మృతదేహం, అనుమానాస్పద మరణం వంటి కేసుల్లో మాత్రం సాధారణంగా పగలే చేస్తారు.

బండి, శ్మశానం, రసీదు

108 అంబులెన్సు మృతదేహాలను తీసుకెళ్లదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చనిపోయినవారిని ఇంటికి చేర్చడానికి తెలంగాణ ప్రభుత్వం 2016లో ఉచిత ‘పార్థివ వాహనాలు’ ప్రారంభించింది. వార్డులోనో, మార్చురీ దగ్గరో అడగాలి. అడగనివారికి గేటు బయట ప్రైవేటు బళ్లవాళ్లే ముందు ఎదురవుతారు. వారితో మాట్లాడుకుంటే కిలోమీటర్లు, వెయిటింగు, ఫ్రీజర్ బాక్స్ అద్దె అన్నీ కలిపి ఎంతో ముందే తేల్చుకోండి. బేగంబజార్ లోపలి గల్లీల్లోకి పగటిపూట సరుకు ఆటోలను దాటుకుని బండి రావడం కష్టం. పెద్ద రోడ్డు దాకా మోసుకొచ్చే ఏర్పాటు చేసుకోవడమే తేలిక.

ఇక్కడి హిందువులకు దగ్గరగా ఉన్నది మూసీ ఒడ్డున పురానాపూల్ శ్మశానవాటిక. కట్టెల చితికి సుమారు మూడు నాలుగు క్వింటాళ్ల కట్టె పడుతుంది. లింగాయతుల వంటి కొన్ని సమాజాలవారు పూడ్చిపెడతారు. ముస్లింలు మసీదు కమిటీ ద్వారా, క్రైస్తవులు చర్చి ద్వారా స్థలం మాట్లాడుకుంటారు. ఎవరు ఎక్కడికి వెళ్లినా అక్కడి రిజిస్టర్‌లో పేరు రాయించి, రసీదు తీసుకోవాలి. శ్మశానం, ఖబరస్తాన్ నిర్వాహకులు తమ దగ్గరికి వచ్చిన మరణాల సమాచారాన్ని రిజిస్ట్రార్‌కు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. కాబట్టి ఆ రిజిస్టర్‌లో మీరు చెప్పిన పేరు, వయసు, తేదీ రేపు మీకు సాక్ష్యాలు. దుఃఖంలో ఉన్నవారిని పక్కన కూర్చోబెట్టి, కవరు పట్టుకున్న మనిషే ఆధార్ చూసి రాయించాలి.

బజారులో హమాలీలుగా, దుకాణాల్లో పనివాళ్లుగా ఉన్నవారిలో బయటి జిల్లాలవారు, వేరే రాష్ట్రాలవారు చాలామంది. సొంతూరికి మృతదేహాన్ని తీసుకెళ్లాలంటే డాక్టర్ ధ్రువపత్రం దగ్గర ఉండాలి. విమానంలో అయితే ఎంబామింగ్ సర్టిఫికెట్, శవపేటిక సర్టిఫికెట్, పోలీసుల నిరభ్యంతర పత్రం కూడా అడుగుతారు. ఊళ్లో దహనం చేసినా మరణం నమోదయ్యేది ఊళ్లో కాదు. ఎందుకో కింద చూడండి.

21 రోజుల లెక్క ఏమిటి?

మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదవుతుంది. నివాసం ఎక్కడున్నా, దహనం ఎక్కడ చేసినా సంబంధం లేదు. బేగంబజార్‌వాసి పంజాగుట్ట నిమ్స్‌లో చనిపోతే ఆ ప్రాంత రిజిస్ట్రార్ పరిధిలోకి వెళ్తుంది. పాలమూరు హమాలీ ఇక్కడ చనిపోతే హైదరాబాద్‌లోనే నమోదు కావాలి. ఈ ఒక్క విషయం తెలియక సొంతూరి పంచాయతీకీ, నగరానికీ మధ్య నెలల తరబడి తిరిగే కుటుంబాలున్నాయి.

ఆసుపత్రిలో మరణమైతే సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఆసుపత్రిది. ఇంట్లో అయితే ఇంటి పెద్దది. ఆయన లేకపోతే దగ్గరి బంధువుది. ఇంటి మరణానికి జీహెచ్‌ఎంసీ సర్కిల్ కార్యాలయంలోని జనన మరణాల విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. మరణ నివేదిక ఫారం, ఫారం 4ఏ, శ్మశాన రసీదు, చనిపోయినవారి గుర్తింపు కార్డు, దరఖాస్తుదారు ఆధార్ దగ్గర పెట్టుకోండి. నమోదయ్యాక సర్టిఫికెట్ కాపీలు మీసేవలో తీసుకోవచ్చు.

గడువు 21 రోజులు. ఆలోపు అయితే నమోదుకు రుసుము లేదు. పదకొండో రోజు, పదమూడో రోజు కార్యక్రమాలు అయ్యాక చూద్దామనుకుంటే మిగిలేది వారం చిల్లర. కర్మకాండ సామాన్ల జాబితాలోనే ఈ పని కూడా రాసుకుంటే మరచిపోరు. 21 దాటి 30 రోజుల్లోపు ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. 30 రోజుల తర్వాత ఏడాదిలోపు అయితే జిల్లా రిజిస్ట్రార్ అనుమతి కావాలి. ఏడాది దాటితే జిల్లా మెజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ లేదా అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకోవాలి. 1969 నాటి చట్టానికి 2023లో చేసిన సవరణలు ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక పాటిస్తున్న పద్ధతి ఇది.

సర్టిఫికెట్‌లో మరణ కారణం ఉండదు. అలా వెల్లడించకూడదని చట్టమే చెబుతోంది. బీమా కంపెనీ కారణం అడిగితే ఫారం 4 లేదా 4ఏ కాపీ చూపించాలి. కాబట్టి కార్యాలయంలో ఇచ్చే ముందు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక పేరు. తెలుగువారికి ఇది పెద్ద తలనొప్పి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో పొడి అక్షరం, రేషన్ కార్డులో అసలు ఇంటిపేరే ఉండదు. ఒకచోట ‘లక్ష్మి’, ఇంకోచోట ‘లక్ష్మమ్మ’. డెత్ సర్టిఫికెట్‌లో ఆధార్ ప్రకారమే రాయించి, ప్రింట్ తీసే ముందు ఒక్కో అక్షరం సరిచూడండి. తర్వాత దిద్దించుకునే వీలు చట్టంలో ఉన్నా, దానికి మళ్లీ ఆధారాలు, మళ్లీ తిరుగుళ్లు తప్పవు.

డబ్బు వ్యవహారాలు

చనిపోయినవారి ఏటీఎం కార్డు, యూపీఐతో డబ్బు తీయకండి. అంత్యక్రియల ఖర్చుకే అయినా సరే. పిన్ తెలిసినంత మాత్రాన ఆ డబ్బు మీదైపోదు. మిగతా వారసులు అడిగిన రోజు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

నామినీ ఉంటే క్లెయిము ఫారం, డెత్ సర్టిఫికెట్, నామినీ గుర్తింపు కార్డుతో పని అయిపోతుంది. నామినీ లేని ఖాతాల్లో కూడా వాణిజ్య బ్యాంకులు 15 లక్షల రూపాయల దాకా, సహకార బ్యాంకులు 5 లక్షల దాకా సులభ పద్ధతిలో ఇవ్వాలని, కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశించింది. వారసుల మధ్య గొడవ ఉంటే ఇది వర్తించదు. అప్పుడు సివిల్ కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రమే కావాలి. తహసీల్దార్ కార్యాలయం నుంచి వచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వేరు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని పొరబడతారు.

పాసుబుక్కు ఒకసారి తిరగేయండి. ఏడాదికోసారి 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా. అది ప్రమాద మరణానికి మాత్రమే, అదీ 2 లక్షలే. ఈ రెండు పాలసీలున్నట్టు ఇంట్లోవారికే తెలియని సందర్భాలు ఎక్కువ. ఉద్యోగికి పీఎఫ్ ఉంటే దానితోపాటే ఈడీఎల్ఐ బీమా ఉంటుంది. గరిష్ఠంగా 7 లక్షలు. యజమాని ద్వారా దరఖాస్తు పెట్టాలి. పేద కుటుంబంలో సంపాదించే మనిషి 18-59 ఏళ్ల మధ్య చనిపోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20 వేల రూపాయల సాయం ఉంది.

దుకాణం యజమాని పోతే?

బేగంబజార్‌లో గిన్నెలు, డ్రైఫ్రూట్స్, కిరాణా హోల్‌సేల్ వ్యాపారాల్లో చాలావరకు ఒక్క మనిషి పేరు మీదే నడుస్తాయి. ఆయన పోతే జీఎస్టీ నంబరు కొడుక్కి దానంతటదే రాదు. వ్యాపారం కొనసాగించే వారసులు తమ పేరిట కొత్త రిజిస్ట్రేషన్ తీసుకుని, పాతదాన్ని యజమాని మరణం కారణంగా రద్దు చేయమని దరఖాస్తు పెట్టాలి. దీనికి 30 రోజుల గడువు ఉంది. పాత ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను ఐటీసీ-02 ఫారం ద్వారా కొత్తదానికి మార్చుకోవచ్చు. పాత నంబరు మీదే నాలుగు నెలలు బిల్లులు కొట్టి, తర్వాత ఆడిటర్ దగ్గరికి పరుగెత్తడం ఎవరికీ మంచిది కాదు.

మరణం సంగతి తెలిశాక బ్యాంకు ఆయన కరెంటు ఖాతా నుంచి చెల్లింపులు ఆపేస్తుంది. ఆయన ఇచ్చిన ముందు తేదీల చెక్కులు ఎవరి దగ్గరున్నాయో దినాలు ముగిసేలోపే కనుక్కుని, సరుకు ఇచ్చినవారికి మీరే ఫోన్ చేయండి. చెక్కు వెనక్కి వచ్చాక చెప్పుకోవడం కన్నా అది గౌరవంగా ఉంటుంది. చనిపోయిన తేదీ దాకా ఆదాయానికి ఐటీ రిటర్ను వేయాల్సింది కూడా వారసులే. ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో వారసుడిగా నమోదు కావాలి. జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు, దుకాణం కిరాయి ఒప్పందం, కరెంటు మీటరు పేరు మార్పు తర్వాతి నెలలో చూసుకోవచ్చు.

ఆధార్ పోర్టల్‌లో కుటుంబ సభ్యుల మరణాన్ని తెలిపే వీలుంది. డెత్ సర్టిఫికెట్ నంబరు దగ్గర పెట్టుకోవాలి. అయితే ఫోన్ సిమ్‌ను మాత్రం తొందరపడి ఆపేయకండి. బీమా, పీఎఫ్, జీఎస్టీ సమాచారమంతా ఆ నంబరుకే వస్తుంది. చిన్న రీఛార్జితో కొన్ని నెలలు బతికించి, కవరు పట్టుకున్న మనిషి దగ్గరే ఆ ఫోన్ ఉంచండి.