పల్నాటి పాట మరల వినిపించిన తీరు

ఒక గాయక బృందము కొంతకాలము కీర్తి గడించి, పిదప మౌనము వహించి, పది పదునైదేండ్లకు మరల కొత్త రికార్డుతో ముందుకు వచ్చినచో పాశ్చాత్య దేశములలో అది యొక పండుగ. పాత అభిమానులు దానిని వెదకి కొందురు. పడుచువారు తొలిసారిగా విందురు. విమర్శకులు మాత్రము ఒక్కటే అడుగుదురు: ఇది ఆ గొంతేనా? ఇన్నాళ్లు ఈ గొంతు ఎక్కడ నున్నది? ఈ ప్రశ్నలను మన పల్నాటి వీరగాథకు వేసి చూడదగును. అదియు చిరకాలము పండితలోకమునకు వినబడక, మరల వినవచ్చిన పాటయే.

ఆ గాథ మనకు క్రొత్త కాదు. 12వ శతాబ్ది చివరి భాగమున గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవాదులు ఏలుచుండగా, నాగమ్మ, బ్రహ్మనాయుడు చెరియొక పక్షమును నడపిరి. కోడిపందెముతో మొదలైన వైరము అరణ్యవాసమై, రాయబారిగా వెళ్లిన అలరాజు మరణముతో రగుల్కొని, కారెంపూడి రణభూమిలో ఉభయ పక్షములను దహించెను. గెలిచినవారు లేని యుద్ధమది. గెలిచినది పాట యొక్కటే.

ఈ పాటను గూర్చిన పాత సాక్ష్యము క్రీడాభిరామములో నున్నది. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ఆ గ్రంథమున, ఓరుగల్లు వీథులలో తిరుగుచున్న ఇద్దరు మిత్రులు పల్నాటి వీరుల కథాగానమును విందురు. పాడునది యొక స్త్రీ, పాడునది ద్విపద. తాళము వడిగా సాగుచుండగా, అక్షరమక్షరమునకు యువకులు కేకలు వేయుచుందురు. నేటి వేదికల ముందు కుఱ్ఱకారు చేయు సందడి ఓరుగంటి వీథులకు క్రొత్తది కాదన్నమాట. పల్నాటి కథ నాటికే పల్నాడు దాటి దూరదేశము చేరినదనియు దీనివలన తెలియుచున్నది.

తరువాత శ్రీనాథుడు దీనిని మంజరీ ద్విపదలో కూర్చెనని ప్రసిద్ధి. ఆ కర్తృత్వమును సందేహించిన పండితులును కలరు. ఎవరు కూర్చినను, ఆ రచన శతాబ్దుల తరబడి వ్రాతప్రతులలోనే అణగియుండెను. పద్యకావ్యములకు దక్కిన గౌరవము ద్విపదకు దక్కలేదు. పల్లెలలో డప్పుల నడుమ పాడు కథకు అసలే దక్కలేదు.

ఈ మౌనమును భంగపరచినవారు పల్నాటి వారే అయిన అక్కిరాజు ఉమాకాంతముగారు. 1911లో వారు ‘బాలచంద్ర యుద్ధము’ను విపులమైన పీఠికతో ప్రకటించిరి. 27 సంవత్సరముల పిమ్మట 1938లో ఆ గ్రంథము మరల అచ్చయినది. ఆ నడుమ జాతీయోద్యమము దేశమును ఊపివేసినది; తెలుగువారు తమ చరిత్రలో వీరులను వెదకుకొనుచుండిరి. పీఠ వేసి కూర్చుండబెట్టుటకు బాలచంద్రుడు సిద్ధముగా దొరకెను. 

ఆపై పాట పలు రూపములు ధరించెను. గుంటూరు జిల్లా పొన్నెకల్లున 1920లో జన్మించిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధమును బుఱ్ఱకథగా మలచి ఊరూర వినిపించెను; 1986లో పద్మశ్రీ నందెను. గూడవల్లి రామబ్రహ్మము ఆరంభించి మధ్యలోనే కన్నుమూయగా, ఎల్. వి. ప్రసాద్ పూర్తి చేసిన ‘పల్నాటి యుద్ధం’ చలనచిత్రము 1947లో వెలువడెను. 1966లో అదే పేర మరొక చిత్రము వచ్చెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము నెలకొన్న పిమ్మట జానపద గానమునకు ఇంటింటను వినికిడి కలిగెను.

ఇంతవరకు చెప్పినది మనవంటి చదువరుల కథ. మరి పాట నిజముగా మౌనము వహించినదా? కాదు. కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు కారెంపూడిలో జరుగు వీరుల ఉత్సవమే దీనికి సాక్షి. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. ఊళ్ల నుండి ఆచారవంతులు వీరుల ఆయుధములను తెచ్చి నాగులేటిలో స్నానమాడింతురు. ఆ సన్నిధిని వీరవిద్యావంతులు కథ పాడుదురు. పంబజోడు మ్రోగును, తిత్తి శ్రుతి పట్టును, తాళములు కలియును. ప్రధాన గాయకుడు కత్తి చేతబట్టి ఆడుచు పాడును. అచ్చుపుస్తకము ఒక్క ఘట్టము నందీయగా, వీరి నాలుకపై మొత్తము కథాచక్రము నిలిచినది. మౌనము మన చెవులదే గాని వారి గొంతుది కాదు.

ఈ సత్యమును లోకమునకు స్పష్టపరచినవాడు జీన్ రోఘైర్ అను అమెరికా పరిశోధకుడు. 1970లలో పల్నాటికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య అను వీరవిద్యావంతుడు పాడిన కథను సేకరించి, ఆంగ్లములోనికి అనువదించెను. ఆ గ్రంథము 1982లో ఆక్స్‌ఫర్డు వారి ముద్రణగా వెలువడెను. అందు కవి పేరుండు చోట పాడినవాని పేరు నిలిచినది. 

ఇందులో ఆలోచింపదగినది ఒకటున్నది. వీరవిద్యావంతులు మాలకులమువారు. కథలోని బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక చాపకూడు పెట్టినవాడు, మాల కన్నమదాసును పెద్దకొడుకుగా చూచుకొన్నవాడు. అట్టి కథను తరతరములుగా మోసినవారిని ఊరు ఎక్కడ కూర్చుండబెట్టినది? పాటను సభకు పిలిచి, పాడువానిని గుమ్మము వెలుపల నిలిపిన కాలము మన చరిత్రలోనిదే. వారి బిడ్డలు చదువుకొని వేరు ఉద్యోగములకు పోయినచో దానిని నష్టమనుటకు మనకు నోరు రాదు. మన వినోదము కొరకు వారు పేదలుగా ఉండవలెనని కోరుట న్యాయము కాదు.

కావున చేయదగినది వేరొకటి. కథలోని ప్రతి ఘట్టమును పాడువారి పేరుతో సహా ధ్వనిముద్రణ చేయించి భద్రపరచవలెను. సంగీత సభలలో విద్వాంసునకిచ్చు పారితోషికమును, ఆసనమును వీరికి నీయవలెను. 2022లో నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు పేర ఒక జిల్లాయే ఏర్పడినది. పేరు నిలుపుకొన్న సీమ, ఆ పేరును ఎనిమిది వందల యేండ్లుగా పాడుచు వచ్చినవారిని కూడ నిలుపుకొనవలెను.