ముఠాకక్షల్లో విధేయత, నైతిక నిర్ణయం: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం

నాయకుడి మాటకూ వర్గం ఒత్తిడికీ లోబడి మామూలు మనుషులు తప్పొప్పులను తేల్చుకునే తీరుకు రాయలసీమ ముఠాకక్షలు పెద్ద ఉదాహరణ. నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల పల్లెల్లో ఈ చరిత్రను ఎక్కువగా నాయకుల కథలుగానే చెబుతారు. వారి వెనుక నడిచిన రైతుకూలీల మనసులో ఏం జరిగిందన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

విజయనగర పతనం తర్వాత ఈ సీమలో పాలెగాళ్లు బలపడ్డారు. శిస్తు, కావలి, తగవుల తీర్పు అన్నీ వారి చేతిలోనే ఉండేవి. 1800లో నిజాం ఈ ప్రాంతంలో చాలా భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కలెక్టర్ థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్లను అణచి, కొందరికి పింఛన్లు ఇచ్చాడు. అధికారం పోయినా వారి మాటకున్న విలువ పోలేదు. పాలెగాళ్ల వారసుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేసినప్పుడు పల్లెల జనం ఆయన వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆ విధేయత అన్యాయానికి ఎదురునిలిచింది. అదే విధేయత తర్వాతి కాలంలో పొరుగువాడి మీద నాటుబాంబు వేయించింది కూడా.

స్వాతంత్ర్యం వచ్చాక పంచాయతీ, సమితి ఎన్నికలతో పాటు కాంట్రాక్టులు కూడా పాత కక్షలతో ముడిపడ్డాయి. పోలీస్‌స్టేషన్‌కు వెళ్లాలన్నా, అప్పు పుట్టాలన్నా, బెయిలు రావాలన్నా నాయకుడి అండ కావాలి. ఆ అండ తీసుకున్నవాడు పిలిచినప్పుడు వెళ్లాలి. ‘అన్న చెప్పినాడు’ అన్న మాటతో హత్యకు కూడా సొంత బాధ్యత ఉండదన్న భావన ఏర్పడింది. కళ్లెదుట జరిగిన దాడిని కూడా కోర్టులో ‘చూడలేదు’ అనడం, నాయకులు రాజీపడగానే సాక్షులు మాట మార్చడం ఈ లొంగుబాటులోంచి వచ్చినవే. భర్తలనూ కొడుకులనూ పోగొట్టుకున్న ఆడవాళ్ల అభిప్రాయం ఆ రాజీల్లో ఎవరూ అడగలేదు.

ఇది సీమ మట్టిలో పుట్టిన క్రూరత్వం కాదు. అమెరికాలో సాలమన్ ఆష్ 1951లో చేసిన గీతల ప్రయోగంలో, గుంపంతా కావాలని తప్పు చెబుతుంటే సుమారు మూడోవంతు సందర్భాల్లో పాల్గొన్నవారూ అదే తప్పు చెప్పారు. ఒక్కరు నిజం చెప్పి తోడు నిలవగానే ఆ లొంగుబాటు బాగా తగ్గింది. యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగంలో 40 మందిలో 26 మంది, అధికారి చెబుతున్నాడని, తోటి మనిషికి చివరి స్థాయి దాకా విద్యుత్ షాక్ ఇస్తున్నామని నమ్ముతూనే మీట నొక్కారు. పక్కన ఇద్దరు ఎదురుతిరిగిన మరో విడతలో చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే. ప్రయోగశాలలో కాదన్నవాడు సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆళ్లగడ్డ పల్లెలో కాదన్నవాడు మర్నాడూ అదే వీధిలో బతకాలి. ఈ తేడాను మరచి పల్లెజనాన్ని పిరికివాళ్లనడం అన్యాయం.

అంతా భయమే అనడమూ సరికాదు. ఆళ్లగడ్డలో భూమా, గంగుల కుటుంబాల రాజకీయ పోటీ దశాబ్దాలది. 2014 ఏప్రిల్ 24న రోడ్డు ప్రమాదంలో చనిపోయిన భూమా కుటుంబ అభ్యర్థి శోభా నాగిరెడ్డినే ఆ తర్వాత జరిగిన పోలింగ్‌లో ఓటర్లు గెలిపించారు. తర్వాతి ఉప ఎన్నికలో ఆమె కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అభిమానం, కృతజ్ఞత, వర్గబంధం ఇలా కలిసిపోయినచోట సొంత నిర్ణయం ఎక్కడ మొదలవుతుందో ఓటరుకే తెలియదు.

చదువులూ, హైదరాబాద్, బెంగళూరు కొలువులూ నాయకుడిపై ఆధారపడటాన్ని తగ్గించాయి. చట్టం మాత్రం నిదానంగా కదిలింది. సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు ఆమోదం 2018లో గానీ రాలేదు. ఓటు రహస్యం విషయంలోనూ అదే నిదానం. బ్యాలెట్ పత్రాల కాలంలో పలు కేంద్రాల ఓట్లు కలిపి లెక్కించే వీలుండేది. ఈవీఎంలతో ఏ ఊరు ఎవరికి ఎన్ని ఓట్లు వేసిందో బూత్‌వారీగా నాయకులకు తెలిసిపోతోంది. యంత్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో సమర్థించింది. అది ఇప్పటికీ అమలులోకి రాలేదు.