చేదు పెండలం: ఆఫ్రికా కరువు దుంప

సెనెగల్ నుంచి ఇథియోపియా వరకు, దక్షిణాన జింబాబ్వే, మొజాంబిక్ దాకా అడవి అంచుల్లో, పొదల్లో పాకే ముళ్ల తీగ ఇది. శాస్త్రీయ నామం డయోస్కోరియా డ్యుమెటోరం. మనం వండుకునే పెండలానికి దగ్గరి చుట్టమే. పెండలం ఆకు ఒంటిది, దీని ఆకుకు మాత్రం ఒకే కాడ మీద మూడు రెబ్బలుంటాయి.

గింజలు అయిపోయిన ఏడు అక్కడి జనం ఈ దుంప తవ్వుకుంటారు. తవ్వడం కన్నా తినదగ్గదిగా చేయడమే అసలు పని. అడవి రకాల్లో డైహైడ్రోడయోస్కోరిన్ అనే విషం ఉంటుంది. అది నరాల మీద పనిచేసి మూర్ఛలు తెప్పిస్తుంది, ప్రాణం కూడా తీయవచ్చు. ఒట్టి ఉడకబెట్టడం చాలదు. చెక్కు తీసి, పలచగా తరిగి, పారే ఏట్లోనో, మార్చి మార్చి పోసే ఉప్పునీళ్లలోనో రోజుల తరబడి నానబెట్టాలి. విషం నీటిలోకి దిగిపోయాక ఉడికిస్తారు. ఆకలితో ఉన్నవాడికి ఆ నాలుగు రోజులు ఆగడమే కష్టం. తొందరపడి నానుడు తగ్గిస్తేనే ప్రమాదం. ఇదే దుంపను వేట బాణాలకు విషంగానూ వాడారు.

అలాగని దీన్ని కరువు కూడుగానే లెక్కేయడం మాకు సబబనిపించదు. నైజీరియా, కామెరూన్‌లలో విషం లేని తీపి రకాలను పొలాల్లో సాగు చేస్తారు. మిగతా పెండలాల కన్నా వీటిలో మాంసకృత్తులు ఎక్కువ. చిక్కల్లా ఒకటే: తవ్విన ఒకటి రెండు రోజులకే దుంప గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత ఉడికించినా మెత్తబడదు. అందుకే బజారుకు చాలావరకు ఉడికించే తెస్తారు.

ఒడిశాలో, మన్యం అంచున స్థిరపడిన మనవాళ్లకు ఒక మాట. తూర్పు కనుమల్లో దీని తోబుట్టువు డయోస్కోరియా హిస్పిడా ఉంది. అదీ మూడు రెబ్బలదే, విషమున్నదే. కొండ ఊళ్లవాళ్లు దాన్ని కూడా తరిగి, నీళ్లలో నానబెట్టాకే తింటారు. అదే కొండల్లో మూడు నుంచి ఐదు రెబ్బలుండి, తినదగిన దుంపా ఒకటుంది. కాబట్టి రెబ్బలు లెక్కపెట్టి తేల్చుకోవద్దు. పైన రాసినది చదివి ఇంట్లో ప్రయత్నించనూ వద్దు. ఆ దుంపను తరతరాలుగా వండుతున్నవారు ఇది తినొచ్చని చూసి చెప్తేనే ఇంటికి తెచ్చుకోండి.