మాయల ఫకీరు ఏ దేశపువాడు?

కొన్ని యేండ్ల క్రిందట ఒక వానాకాలపు మధ్యాహ్నమున కరెంటు పోయి, మా తరగతిలో అక్షరము కనబడకుండెను. మేము పనిచేయు పాఠశాల హైదరాబాదు పాతబస్తీలో, షాలిబండకు పోవు త్రోవలో ఒక సందునందున్నది. పిల్లలలో సగమునకు మించి ఇంట ఉర్దూ మాటలాడువారు. తెలుగు బోధనను తప్పనిసరి చేసిన 2018 నాటి చట్టము పిమ్మట వారును మా తరగతికి వచ్చుచున్నారు. పుస్తకము మూసి బాలనాగమ్మ కథ చెప్పితిమి. మాయల ఫకీరు భిక్షకు వచ్చుట, బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్లపూడి గట్టునకు తీసికొనిపోవుట, వెదుకబోయిన కార్యవర్ధిరాజు రాయియగుట, కొడుకు పెరిగి పెద్దవాడై ఫకీరు ప్రాణములున్న చిలుకను పట్టి గొంతు నులుముట, అన్నియు మా అమ్మమ్మ మాకు చెప్పినట్లే చెప్పితిమి. పిల్లలు ఊపిరి బిగబట్టి వినిరి. మేమును మా నేర్పునకు మేమే మురిసితిమి.

మఱునాడు గురువారము. ప్రతి గురువారమును ఆ సందులోని దుకాణములకు సాంబ్రాణి పొగ వేయుచు ఒక వృద్ధ ఫకీరు వచ్చును. మా పిల్లలు కొందఱు గేటువద్ద నిలిచి "మాయల ఫకీరు! మాయల ఫకీరు!" అని కేకలిడి పరుగెత్తిరి. ఒకడు గులకరాయి విసరెను. ఆ వృద్ధుని మనుమడు మా తరగతివాడే యని అప్పుడు తెలిసినది. వాడు రెండు దినములు తల యెత్తలేదు.

తప్పు మాదే. ఆదివారము ఆ యింటికి పోయి క్షమాపణ కోరితిమి. ఆయన నవ్వి, చాయ్ తెప్పించి, "మాష్టర్ సాబ్, చిన్నప్పుడు మా నానీ చెప్పిన కథలలో జాదూగరు బొమ్మలకు మ్రొక్కేవాడు. మేమూ బొట్టు పెట్టుకొన్న పూజారి కనబడితే పారిపోయేవాళ్లము" అని చెప్పెను. ఆ మాట విన్నప్పటినుండి ఈ కథల చరిత్ర మమ్ము విడువలేదు.

ఆయన చెప్పినది అమీర్ హమ్జా దాస్తాను. దానిలో మిక్కిలి ప్రసిద్ధమైన తిలిస్మె హోష్‌రుబా లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయమున 1883 మొదలుకొని సంపుటములుగా వెలువడెను. మహమ్మద్ హుసేన్ జాహ్, అహ్మద్ హుసేన్ కమర్ అను నిరువురు దానిని వ్రాసిరి. అందు మాంత్రికుల చక్రవర్తి అఫ్రాసియాబు. అతని ప్రజలు సామిరీ, జమ్షీదులను దేవతలుగా కొలుతురు. హమ్జా పక్షమువారు వారిని మోసముచేసి చంపుదురు. పెద్ద మాంత్రికుడు చచ్చినప్పుడు లోకము చీకటియై, గాలివాన చెలరేగి, తాను చచ్చితినని తన పేరు తానే చాటుకొను కేక వినబడును. వినుటకెంత బాగుగనున్నదో! నిజము చెప్పవలెనన్న మా నాగళ్లపూడి గట్టు దానియెదుట చిన్నబోవును. కాని తెలుగింటి కథలో మాంత్రికుడు ఫకీరు. ఉర్దూ ఇంటి కథలో మాంత్రికుడు విగ్రహారాధకుడు. ఒకే సందులో ఎదురెదురు గుమ్మములలో నిద్రించు పిల్లలు ఒకరి తాతను చూచి యొకరు దుప్పటి ముసుగు పెట్టుకొనుచున్నారు.

కథలకు మాత్రము ఈ గోడ యెన్నడును లేదు. సంస్కృత శుకసప్తతి 14వ శతాబ్దమున నఖ్షబీ చేత పారసీక తూతీనామా అయ్యెను. దానినే గోలకొండ కవి గవ్వాసీ 1639లో దక్కనీలో పాడెను. చిలుక ఇంత దూరము ఎగిరి వచ్చినను రెక్క విఱుగలేదు. పొలిమేర దాటునప్పుడు మార్పు పొందునది మాంత్రికుని వేషమే.

సంస్కారప్రియులైన మిత్రులు కొందఱు ఈ భయంకర కథలను పిల్లలకు చెప్పనేకూడదందురు. తలలు నఱకుట, బలులిచ్చుట, శవమును భుజమున మోయుట ఇవి పసిమనస్సులకేల యని వారి ప్రశ్న. మేమంత దూరము పోజాలము. ఈ చీకటి పిల్లలకొఱకు కల్పింపబడినది కాదు. కాశ్మీరమున 11వ శతాబ్దమున సోమదేవుడు కథాసరిత్సాగరములో బేతాళుని కథలు కూర్చినది పసివారికొఱకు గాదు. తెలంగాణకవి కొఱవి గోపరాజు 15వ శతాబ్దమున రచించిన సింహాసన ద్వాత్రింశికలో వీరులు దేవి యెదుట తలలర్పింప సిద్ధపడుట వట్టి అతిశయోక్తియు గాదు. శ్రీశైలమున అనవేమారెడ్డి 14వ శతాబ్దమున కట్టించిన వీరశిరోమండపమున భక్తులు తమ యవయవములను కోసి యిచ్చుకొనెడివారు. తల నఱికికొనుచున్న వీరుని శిల్పములు తెలుగునాట నేటికిని కనబడును. మన సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాయునప్పుడు ఇట్టి కథాకావ్యములనే గదా త్రవ్వినది! చరిత్రగ్రంథములు మఱచిన దానిని అమ్మమ్మలు మఱువలేదు. పిల్లవాడు భయపడునది నిజముగ నొకప్పుడు భయపెట్టిన దానికే. అమ్మమ్మ ఒడిలో కూర్చుండి భయపడుట వానికి హానియని మేము తలంపము.

మాకు సందేహము కలుగునది భయముమీద గాదు, ఆ భయమునకు పెట్టిన పేరుమీద. బాలనాగమ్మ కథను పాడువారిలో కొందఱు "మాయల ఫకీరు" అందురు, మఱికొందఱు "మాయల మరాఠీ" అందురు. 1942లో జెమినీవారు చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున తీసిన చిత్రములో గోవిందరాజుల సుబ్బారావుగారు ధరించిన పాత్ర మాయల మరాఠీయే. మరాఠీలు మనకేమి యపకారము చేసిరి? 1740లో రఘోజీ భోంస్లే సైన్యము చిత్తూరు సీమలోని దామలచెరువు కనుమకడ ఆర్కాటు నవాబు దోస్తు అలీని చంపి దేశముమీద పడెను. ఆ రఘోజీ దండులే 1742 మొదలు దాదాపు పదేండ్లు వంగదేశమును కొల్లగొట్టగా, అచటి తల్లులు బిడ్డలను నిద్రపుచ్చు పాటలో "బర్గీలు వచ్చిరి" అని చేర్చుకొనిరి. మన మాయల మరాఠీయు చౌతుకై వచ్చిన గుఱ్ఱపుడెక్కల చప్పుడునుండి పుట్టినవాడేయని మాకు తోచుచున్నది.

ఇట్టి ఊహలలో జాగ్రత్త అవసరము. పిల్లలను బెదరించు "బూచి" ఫ్రెంచి సేనాని బుస్సీ పేరేయని చెప్పువారు కలరు. బుస్సీ 1756లో ఈ నగరమునందే చార్‌మహలులో కోటకట్టుకొని కూర్చుండెను. మఱుసటి యేడు జనవరిలో బొబ్బిలిని మట్టుపెట్టెను. కావున కథ అందముగ కుదురును. కాని అరవమున పూచ్చాండి యున్నాడు. ఫ్రెంచివాడు రాకపూర్వము తెలుగుబిడ్డలు దేనికిని భయపడలేదనుట నమ్మశక్యము గాదు. పాత బూచికి క్రొత్త ముఖము తగిలింపబడియుండును. మా వాదమునకు అంతమాత్రము చాలును.

మాంత్రికుడెప్పుడును పొరుగువాడే. తెలుగువారు మళయాళ మాంత్రికుడందురు. ఉర్దూవారు బంగాళా జాదూ అందురు. 1951లో విజయావారి పాతాళభైరవి వచ్చినప్పుడు మాంత్రికుడు నేపాళమునుండి దిగెను. మధిర సుబ్బన్న దీక్షితకవిగారి కాశీమజిలీ కథలలోని దానిని పింగళి నాగేంద్రరావుగారు మాటలతో నింపగా, కె. వి. రెడ్డిగారు నడపగా, ఎస్. వి. రంగారావుగారు ఆ పాత్రను అమరము చేసిరి. అందు శూరుడైన యువకుని బలియిచ్చిన దేవి వశమగును. తోటరాముడు ఆ మాంత్రికునే బలియిచ్చివేయును. ఈ చిత్రమును మేము పిల్లలతో గూర్చుండి చూచితిమి. ఆ ఘట్టమున వారందఱు చప్పట్లు చఱచిరి. చూచినది నరబలియని ఒక్కనికిని తోచలేదు. బలియైనవాడు నేపాళుడు గదా!

ఆ చిత్రము తీసిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947 జూలైలో చందమామను స్థాపించిరి. బేతాళుడు నెలనెల మన యిండ్లకు వచ్చినది వారివలననే. 1952 మొదలు 1980 వఱకు ఆ పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారు దయ్యములను ఏమాత్రము నమ్మని హేతువాది యగుట మాకెప్పుడును ముచ్చట గొలుపును. ఆయన చీకటిని తీసివేయలేదు. శవము భుజమునుండి దిగలేదు. కాని ఆ శవము ప్రశ్న యడుగును, రాజు న్యాయమాలోచించి యుత్తర మీయవలెను. పిల్లవాడును ఆ రాజుతోబాటు ఆలోచించును. చిలుక గొంతు నులుమునప్పుడు ఆలోచించుట కేమియు లేదు.

జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన మంచుతెలుపు కన్య కథలో ఆ పిల్లను చంపజూచినది కన్నతల్లియే. 1819 ముద్రణలో ఆమె సవతితల్లి యయ్యెను. కన్నతల్లి అంత చెడ్డదనుట గృహస్థులు సహింపరు, కావున చెడును ఒక యడుగు దూరము జరిపిరి. 1937లో వాల్ట్ డిస్నీ చిత్రము సవతితల్లినే లోకమంతట నిలిపెను. ఆ సోదరుల సంపుటములోనే ముండ్లపొదలో నాట్యమాడింపబడి, తుదకు ఉరితీయబడు యూదుని కథయు నున్నది. దానిని వినోదముగ విని నవ్విన పిల్లల మనుమల కాలమున ఆ దేశమునందు యూదులకేమి జరిగినదో చదువరు లెఱుగుదురు. కథయే దానికి కారణమని మేమనము. కాని చెడును ఎంత దూరము జరిపినను, అది పోయి యెవరో ఒకరి యింటిముందు ఆగును.

తరువాతి వర్షాకాలమున పిల్లలు మఱల బాలనాగమ్మను అడిగిరి. ఫకీరును విడిచి మరాఠీ యందుమా? మా వరుసలో మూడవ బల్లమీద చార్‌కమాను వెండివర్తకుని కొడుకొకడు ఇంట మరాఠీ మాటలాడువాడు. నేపాళుడందుమా? రాత్రి కఱ్ఱ తట్టుచు సందు కాచు గూర్ఖాకు పిల్లలే చలికాలమున టీ యిచ్చుచుందురు. ఆలోచించి, మాంత్రికుడు పరదేశి కాడనియు, బాలనాగమ్మ పుట్టిన పానుగంటి పట్టణమునందే, కోటగోడ ప్రక్కనే యుండెడివాడనియు మొదలిడితిమి. తక్కిన భయంకరముల నొక్కటియు తగ్గింపలేదు.

కుక్కగా మార్చు ఘట్టము వచ్చునప్పటికి, ఆ వృద్ధుని మనుమడు చేయి యెత్తెను. "సార్, వాడు ఆ వూరివాడే అయితే, రాజుకు ముందే తెలిసి ఉండాలి కదా? ఎందుకు ఊరుకున్నాడు?" అని యడిగెను. తరగతి యంతయు మావైపు చూచెను. ఇన్నియేండ్లుగా ఆ కథ చెప్పుచున్నను ఆ ప్రశ్న మా కెన్నడును తట్టలేదు. వెనుక బల్లవాడొకడు రాజు కప్పము తినియుండునని చెప్పెను. ఇంకొకడు కాదనెను. గంట మ్రోగినను వారు లేవలేదు.