జెండా పండుగ నాటి కూలి

జనవరి 26 నాటికి అనకాపల్లి చుట్టుపక్కల చెరకు గానుగాట జోరు మీద ఉంటుంది. పెనంలో పాకం ఉడుకుతుంటే జెండా పండుగని పొయ్యి ఆర్పలేరు. పని ఆపితే కూలి పోతుంది, చేస్తే పండుగ పోతుంది. ఆ నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్నకు చట్టం జవాబు చెప్పడానికి తొంభై ఏళ్లు దాటింది.

మొదట కార్మికులు అడిగింది విశ్రాంతి. 1881 ఫ్యాక్టరీల చట్టం నెలకు నాలుగు సెలవులిచ్చింది, అదీ పిల్లలకే. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాడి 1890లో మిల్లు యజమానుల చేత ఆదివారం సెలవుకు ఒప్పించాడు. మరుసటి ఏడు వారపు సెలవు చట్టంలోకి ఎక్కింది. పని మానమన్న ఆ చట్టం కూలి ఇమ్మని మాత్రం అనలేదు. రోజుకూలీకి సెలవంటే ఆ రోజు పొయ్యి వెలగనట్టే.

సెలవుకు జీతం ముడిపెట్టిన మలుపు 1936లో వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ జీతంతో కూడిన సెలవులపై ఒడంబడిక చేసింది. ఆ ఆలోచన 1945లో మన ఫ్యాక్టరీల చట్టంలో చేరి, 1948 చట్టంలో స్థిరపడింది. ఆ చట్టం కింద ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే, పనిచేసిన ప్రతి 20 రోజులకూ ఒక రోజు సెలవు దక్కేది. అయితే ఆగస్టు 15 ఊసు అందులో లేదు.

ఆ లోటు రాష్ట్రాలు తీర్చాయి. మద్రాసు రాష్ట్రం 1958లోనే జాతీయ, పండుగ సెలవుల చట్టం చేసింది. 1953లోనే మద్రాసు నుంచి విడిపోయిన ఆంధ్రకు అది వర్తించలేదు. దాంతో అనకాపల్లి కార్మికులు 1974 దాకా ఆగాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ చట్టం జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలతోపాటు కొన్ని పండుగలకూ జీతంతో సెలవు ఇచ్చింది. గానుగాట లాంటి ఆపలేని పనికీ దారి చూపింది. సెలవునాడు పనిచేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలి, లేదా ఆనాటి కూలితోపాటు మరో రోజు జీతంతో సెలవివ్వాలి.

ఇది ఫ్యాక్టరీలో, దుకాణంలో ఒక యజమాని కింద పనిచేసేవారి మాట. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎందరో వర్తకుల సరుకు ఎత్తుతాడు. మార్కెట్ మూస్తే అతనికి జీతమిచ్చే యజమాని ఎవరు? మహారాష్ట్ర 1969లో మాథాడీ చట్టంతో దీనికి ఉపాయం కనిపెట్టింది. వర్తకులు కూలితోపాటు కొంత లెవీ బోర్డుకు కడతారు, సెలవు జీతం లాంటివి ఆ సొమ్ములోంచి వస్తాయి. అలాంటి ఏర్పాటు బెల్లం మార్కెట్‌కూ సరిపోతుంది.

దేశం చేసుకునే పండుగ ఖర్చు కూలివాడి జేబులోంచి తీయడం న్యాయం కాదు. ఈసారి జెండా పండుగ నాడు ఫ్యాక్టరీలోనో, దుకాణంలోనో పనిలోకి రమ్మంటే, రెట్టింపు కూలా, మరో రోజు సెలవా అని అడగండి. అది మీ హక్కు.