షెల్ నమూనాలలో ‘తప్ప’ అనే అర్థం: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
ఒక ఫోల్డరులో కొన్ని ఫైళ్లను మినహాయించి మిగిలినవాటిని తొలగించడం, పాఠప్రతులను కంప్యూటరులో భద్రపరిచే పరిశోధకులకు తరచూ ఎదురయ్యే పని. యూనిక్స్‌లో ‘ఆర్‌ఎం’ ఆదేశంతో తొలగించిన ఫైలు చెత్తబుట్టలోకి చేరదు. కనుక మినహాయింపును చెప్పే తీరు నిర్దుష్టంగా ఉండాలి. అది షెల్ భాషలోకి ఎప్పుడు, ఏ రూపంలో ప్రవేశించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చేర్పు నుండి మినహాయింపునకు:
1971లో బెల్ ల్యాబ్స్‌లో రూపొందిన యూనిక్స్ తొలి కూర్పులో ‘గ్లోబ్’ అనే ప్రత్యేక ప్రోగ్రాం ఉండేది. ‘*’ ఎన్ని అక్షరాలకైనా, ‘?’ ఒక్క అక్షరానికి సంకేతాలు. ఈ గుర్తులున్న ఆదేశాన్ని కెన్ థాంప్సన్ షెల్ గ్లోబ్‌కు అప్పగించేది. గ్లోబ్ వాటి స్థానంలో సరిపోలిన పేర్లను చేర్చి అసలు ఆదేశాన్ని నడిపేది. 1979 నాటి ఏడవ కూర్పులో స్టీఫెన్ బోర్న్ షెల్ ఈ పనిని తానే చేపట్టింది.

బోర్న్ షెల్ తరువాతి రూపాలలో ‘[!క]’ వంటి నిషేధం కనిపిస్తుంది. అయితే అది ఒక్క అక్షరస్థానానికే పరిమితం. పేరు మొత్తానికి వర్తించే ‘!(...)’ రూపం డేవిడ్ కోర్న్ షెల్ 1988 కూర్పులో ఉంది. 1998లో బాష్ 2.02 దానిని స్వీకరించింది. కాని ‘ఎక్స్‌ట్‌గ్లోబ్’ అనే ఐచ్ఛికాన్ని ముందుగా అమలులోకి తెచ్చుకోవాలి.

నిషేధ స్వరూపం:
మన శాస్త్ర సంప్రదాయం నిషేధాన్ని రెండు విధాలుగా విభజించింది. ‘దీనికంటె ఇతరమైనది’ అని చెప్పేది పర్యుదాసం. క్రియనే నిషేధించేది ప్రసజ్యప్రతిషేధం. ‘ఆర్‌ఎం !(*.మూలం)’ అన్న ఆదేశాన్ని ‘మూలం ఫైళ్లను తొలగించవద్దు’ అని చదువుకోవడం సహజం. కాని అది ప్రసజ్యప్రతిషేధం కాదు, పర్యుదాసమే. షెల్ ముందుగా ‘.మూలం’తో ముగియని పేర్ల జాబితాను తయారుచేస్తుంది. ఆర్‌ఎంకు అందేది ఆ జాబితా మాత్రమే. ఏ ఫైలును కాపాడాలన్న సమాచారం దానికి చేరనే చేరదు.

ముగింపు:
ఈ భేదం ఆచరణలో కీలకమైనది. ‘*.నకలు’ అని రాయబోయి ‘*’ తరువాత ఖాళీ వదిలితే, ‘*’ ఒక్కటే విడి నమూనాగా మారి, చుక్కతో మొదలుకాని ఫైళ్లన్నీ తొలగింపు జాబితాలో చేరతాయి. మూలప్రతి కూడా వాటిలో ఒకటే. అందువల్ల అదే నమూనాను ముందుగా ‘ఎకో’ ఆదేశానికి ఇచ్చి, వచ్చిన జాబితాను చదివిన తరువాతే ఆర్‌ఎంకు ఇవ్వడం మేలు. మినహాయింపు షెల్‌దే కనుక పరిష్కరణ కూడా షెల్ దశలోనే జరగాలి.